ప్రైవేటు నుంచి జడ్పీ హైస్కూలుకి: ఎనిమిదో తరగతికి మార్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: ఉండేది భీమవరం శివారులో. పాప ఏడు దాకా ప్రైవేటులో చదివింది. ఎనిమిదికి దగ్గర్లోని జిల్లా పరిషత్ హైస్కూల్లో వేద్దామనుకుంటున్నారు. చదువు దెబ్బతింటుందా, కాగితాలేం కావాలి, పిల్ల అక్కడ ఇమడగలదా అని. చివరిదానికి ముందు చెబుతాను. పిల్లలు పది రోజుల్లో ఇమిడిపోతారండి. ఇమడనివి కాగితాలే.

మారడానికి ఎనిమిదే సరైన తరగతి. కారణం ఎన్.ఎం.ఎం.ఎస్. స్కాలర్‌షిప్, అంటే ఆదాయం తక్కువున్న ఇళ్లలో బాగా చదివే పిల్లలకి పరీక్ష పెట్టి కేంద్రం ఇచ్చేది. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ స్కూళ్లలో ఎనిమిది చదువుతున్నవాళ్లే ఆ పరీక్ష రాయాలి, అదీ ఒక్కసారే. వస్తే 9 నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏడాదికి 12,000 రూపాయలు. ఏడులో 55 శాతం మార్కులు (ఎస్సీ, ఎస్టీలకు 50) ఉండాలి, కుటుంబ ఆదాయం 3,50,000 దాటకూడదు. మెంటల్ ఎబిలిటీ 90, సబ్జెక్టులు 90, మొత్తం 180 ప్రశ్నలు. ప్రైవేటు నుంచి వచ్చిన పిల్లలు సబ్జెక్టుల్లో బాగానే చేసి మెంటల్ ఎబిలిటీలో పోతుంటారు. సిరీస్‌లు, బొమ్మల పోలికలు, కోడింగు లెక్కలు రోజుకి ఇరవై చొప్పున జూలైలోనే మొదలుపెట్టించండి. పరీక్ష చలికాలంలో వస్తుంది కదా అని ఊరుకుంటే దసరా సెలవుల దాకా పుస్తకం తెరవరు. తొమ్మిదికి మార్చితే ఈ అవకాశం పోయినట్టే. పదికి మాత్రం మార్చకండి.

ఇక కాగితాలు. పాత స్కూలు హైస్కూలైతే టీసీ ఇస్తారు, ఏడు దాకానే ఉన్న యూపీ (అప్పర్ ప్రైమరీ) స్కూలైతే దాని బదులు రికార్డ్ షీట్. ఏదైనా చెల్లుతుంది. ఫీజు బాకీ ఉందని టీసీ ఆపితే కంగారు పడకండి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. ఆ చట్టం ఎనిమిదో తరగతి దాకానే వర్తిస్తుంది కాబట్టి ఇదీ ఎనిమిదికి మారడానికి ఒక కారణమే.

అసలు చిక్కు కాగితంలో కాదు, కంప్యూటర్లో వస్తుంది. పాత స్కూలు వాళ్లు యూడైస్ ప్లస్‌లో (దేశంలోని బడులు, పిల్లల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్) పాప పేరుని డ్రాప్ బాక్సులోకి వదలాలి. వదిలాకే కొత్త హెచ్.ఎం. గారు పెన్ నంబరు (ఆ పోర్టల్లో ప్రతి పిల్లకీ ఉండే శాశ్వత నంబరు), పుట్టినతేదీ కొట్టి తమ రోల్లోకి తీసుకోగలరు. వదలకపోతే పిల్ల రోజూ బడికి వెళ్తూనే ఉంటుంది, లెక్కలో మాత్రం పాత స్కూల్లోనే ఉంటుంది. అప్పుడు ప్రభుత్వం ఇచ్చే యూనిఫాం, బూట్ల కిట్టూ రాదు, తల్లి ఖాతాలో పడే 'తల్లికి వందనం' డబ్బూ రాదు. టీసీ తీసుకునేటప్పుడే 'డ్రాప్ బాక్సులో పెట్టారా' అని అడిగి, పెన్ నంబరు టీసీ వెనకాల రాయించుకోండి. అపార్ నంబరు (విద్యార్థి ఐడీ, 12 అంకెలు) వచ్చి ఉంటే అదీ.

పేరు దగ్గర ఇంకాస్త ఆగాలి. మన గోదావరి జిల్లాల పేర్ల సంగతి తెలిసిందే: ఇంటిపేరు, వెంకట, సత్య, సాయి, లక్ష్మి, దుర్గ అన్నీ ఒక్క పిల్లకే. ఆధార్లో 'దుర్గ' అని ఉంటుంది, టీసీలో 'వి.ఎస్.ఎస్.ఎల్. దుర్గ' అని ఉంటుంది, పుట్టిన సర్టిఫికెట్లో మొత్తం ఉంటుంది. ఎన్.ఎం.ఎం.ఎస్. వచ్చాక కేంద్ర పోర్టల్లో నమోదు దగ్గర ఈ తేడాతోనే ఆగిపోతుంది. చేరేముందే మూడూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూసుకోండి. తేడా ఉంటే పుట్టిన సర్టిఫికెట్ ప్రకారం ఆధార్ దిద్దించి, ఆ తర్వాతే అడ్మిషన్ రిజిస్టర్లో రాయించండి. పదో తరగతి నామినల్ రోల్స్ ఈ రిజిస్టర్ నుంచే పోతాయి. అప్పుడు పుట్టుమచ్చలు రెండు రాసుకుంటారు, తల్లిదండ్రుల చేత సంతకం పెట్టిస్తారు. ఆ సంతకం చదవకుండా పెట్టినవాళ్లే తర్వాత మార్కుల మెమోలో తప్పు దిద్దించుకోవడానికి తిరుగుతుంటారు.

స్కూలు ఎలా ఉందో గేటుకి వేసిన రంగులు చూసి తేల్చకండి. మూడు చూడండి చాలు. ఒకటి, లెక్కలకీ, ఫిజికల్ సైన్సుకీ స్కూల్ అసిస్టెంట్లు ఉన్నారా, ఖాళీనా. బదిలీలు ఎక్కువగా వేసవి సెలవుల్లోనే జరుగుతాయి గనక ఏప్రిల్లో చెప్పిన మాట జూన్‌కి నిలబడకపోవచ్చు. బడి తెరిచిన వారానికి వెళ్లి టైం టేబుల్ అడగండి. ఫిజిక్స్ గడిలో తెలుగు మేష్టారి పేరు కనబడితే అక్కడ ఖాళీ ఉన్నట్టు. రెండు, ఆడపిల్లల బాత్రూముల్లో మధ్యాహ్నం నీళ్లు వస్తున్నాయా. పొద్దున అన్ని చోట్లా వస్తాయి. ట్యాంకు అయిపోయాక మోటారు ఎవరు వేస్తారో అడిగితే విషయం తెలిసిపోతుంది. మూడు, ఆటస్థలం. డెల్టా నేల కదా, బుసక (ఇసుక మట్టి) తోలి మెరక చేయని గ్రౌండైతే జూలై నుంచి అక్టోబరు దాకా చెరువే. పీఈటీ మేష్టారు ఎంత మంచివారైనా కబడ్డీ, ఖోఖో జట్లు నిలవవు.

తాగునీళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. చెరువులున్న చోట బోరు నీళ్లు ఉప్పన. స్కూల్లో ఆర్వో ఉన్నా ఫిల్టర్లు మార్చకపోతే ఉన్నా లేనట్టే. లీటరు సీసా ఇంటి నుంచే పంపండి.

భోజనం బాగానే ఉంటుంది. 2025 జూన్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు. ఈ స్థాయి పిల్లకి లెక్క 150 గ్రాముల బియ్యం, వారానికి ఐదు గుడ్లు, మధ్యమధ్యలో రాగిజావ, చిక్కీ. పథకానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడది మన కోనసీమ లంకల గన్నవరమే, ఆకలన్నవాళ్లకి అర్ధరాత్రయినా అన్నం పెట్టిన ఇల్లది. ప్రైవేటు నుంచి వచ్చిన పిల్లలు మొదటి నెల సిగ్గుపడి క్యారేజీ తెచ్చుకుంటారు. తెచ్చుకోనివ్వండి, తర్వాత వాళ్లే లైన్లో నిలబడతారు. ప్లేటు, చెంచా మాత్రం పేరు చెక్కించి ఇవ్వండి. కుళాయి దగ్గర కడిగేటప్పుడు మారిపోతుంటాయి.

కిట్టులో మూడు జతల యూనిఫాం గుడ్డ వస్తుంది. రెండు కుట్టించి మూడోది దాచేవాళ్లున్నారు. వద్దండి, మూడూ కుట్టించండి. శ్రావణంలో ముసురు పట్టిందంటే ఉతికింది రెండు రోజులకీ ఆరదు. బూట్ల కొలత ముందే పంపేస్తారు గనక, కొత్తగా చేరినవాళ్లకి మిగిలిన సైజే దొరుకుతుంది. చేరిన రోజే మీ కొలత రాయించండి.

చదువు సంగతి. పుస్తకాలు ద్విభాషల్లో ఉంటాయి, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. ఇంగ్లీషు మీడియం నుంచి వచ్చిన పిల్లకి ఇది నష్టం కాదు, తెలియని మాట పక్కనే దొరుకుతుంది. తేడా అల్లా హోంవర్కులో. ఇక్కడ డైరీ నింపి పంపరు, మీరే నోట్సు చూడాలి. పదిలో ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు. పాస్ మార్కు 35, హిందీకి 20. ఆ ఇరవై చూసుకుని హిందీని వదిలేసే పిల్లలు మొత్తంలో వెనకబడిపోతారు. పది అయ్యాక చేరే ట్రిపుల్ ఐటీ (ఆర్జీయూకేటీ) సీటు ఆ మార్కుల మీదే కదా. నూజివీడు లాంటి ఆర్జీయూకేటీ క్యాంపస్‌లకి ప్రభుత్వ నాన్ రెసిడెన్షియల్ స్కూలు పిల్లలకి 4 శాతం మార్కులు అదనంగా కలుపుతారు. ట్యూషన్ ఫీజు లేకుండా దొరికే లాభం అది.

తల్లికి వందనం 15,000లో బడి నిర్వహణకి 2,000 పోగా 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. హాజరు 75 శాతం ఉండాలి. మాగాణి మూడెకరాలకి మించినా, ఇంట్లో కారున్నా రాదు. తల్లి కువైట్‌లో ఉంటే ఇంకో గొడవ: ఖాతాకి ఆధార్ లింకు తెగిపోయి ఉంటుంది. ఆవిడ సెలవుకి వచ్చినప్పుడే బ్యాంకులో చేయించుకోవాలి, అమ్మమ్మ సంతకంతో అవదు.

హాజరు ఎక్కడ పోతుందో కూడా చెబుతాను. సంక్రాంతి సెలవులయ్యాక మరో వారం, మాసూళ్లప్పుడు (పంట నూర్చి ఇంటికి చేర్చే రోజులు), రొయ్యల షెడ్లలో పని జోరుగా ఉన్నప్పుడు. యలమంచిలి మండలం కనకాయలంక లాంటి చోట్ల గోదారి పోటెత్తితే కాజ్‌వే మునిగి పిల్లలు రాలేరు. మీ వైపు అంత బాధ లేదు, యనమదుర్రు డ్రెయిను పొంగినా రెండు రోజులే. ఆ రోజులకి సెలవు చీటీ రాసి క్లాస్ టీచర్‌కి ఇచ్చి రిజిస్టర్లో ఎక్కించండి.

బస్సు ఖర్చు లేదు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడపిల్లలకీ ఉచితమే, ఆధార్ కార్డు బ్యాగులో ఉంటే చాలు. సైకిలైతే కాలువ గట్టు మీద రొయ్యల వ్యాన్లు తిరిగే వేళలు చూసుకుని పంపండి. వెనక మడ్‌గార్డుకి ఎర్ర రిఫ్లెక్టరు లేకపోతే ముందు అది వేయించండి.