స్టేడియం కట్టాక కరెంటు బిల్లు ఎవరు కడతారు?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. ఇండోర్ హాలు, ఈతకొలను, రన్నింగ్ ట్రాక్ అన్నీ ఒకేచోట ఉండేలా మా పట్టణంలో స్పోర్ట్స్ కాంప్లెక్స్ కట్టాలని సంతకాలు సేకరిస్తున్నారు. మా అమ్మాయి షటిల్ ఆడుతుంది కాబట్టి నేనూ పెట్టాను. "డ్రైనేజీలకే డబ్బుల్లేవు, ఆటలకు కోట్లా?" అని మా మామగారు కోప్పడ్డారు. ప్రభుత్వ సొమ్ము ఆటలకు పెట్టడం తప్పా? అసలు ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?
– ఒక గృహిణి, గోదావరి జిల్లాల నుంచి

జవాబు: తప్పు కాదమ్మా. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీల పనుల జాబితా ఉంది. రోడ్లు, నీటి సరఫరా ఉన్న ఆ జాబితాలోనే పార్కులు, ఆటస్థలాలు కూడా ఉన్నాయి. మామగారికి ఈ మాట నెమ్మదిగా చెప్పండి. ఆయన భయంలో మాత్రం న్యాయం ఉంది.

కట్టడానికి డబ్బు దొరికే దారులు చాలానే ఉన్నాయి. రాష్ట్రం ప్రతిపాదన పంపితే కేంద్రం ఖేలో ఇండియా అనే క్రీడా పథకం కింద ఇచ్చే వీలుంది. ఎంపీ నిధులున్నాయి, అవి ఏడాదికి 5 కోట్లు, నియోజకవర్గం మొత్తానికీ. కంపెనీలు సమాజ సేవకు పెట్టే సీఎస్ఆర్ సొమ్ము ఉంది. ఇవన్నీ ఎక్కువగా కట్టడానికి ఇచ్చేవే. కట్టాక నడిపే ఖర్చు స్థానికంగా మన నెత్తినే పడుతుంది.

నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా ఉన్న ఓ ఊళ్లో ఇండోర్ హాలు కట్టారు. తెరిచిన రోజు ఆ చెక్క ఫ్లోరు మీద చెప్పులు విప్పి నడిచాను, అద్దంలా ఉంది. రెండో వానాకాలానికి పైకప్పు రేకు బోల్టు దగ్గర కారడం మొదలైంది. బోల్టు కింద రబ్బరు వాషరు మారిస్తే చాలు. "రిపేర్లకు బడ్జెట్లో హెడ్డు (పద్దు) లేదు" అన్నారు. బకెట్ పెట్టాం, అర్జీలు పెట్టాం. మూడో ఏడాదికి పలకలు ఉబ్బి పైకి లేచాయి. తొమ్మిదో తరగతి పిల్ల కాలు తట్టుకుని పడింది, చీలమండ బెణికింది. హాలుకు తాళం పడింది. ఆ పిల్ల మళ్లీ రాకెట్ పట్టలేదు. ఆ వాషరు ఇప్పటికీ నా కళ్ల ముందు మెదులుతుంది.

హైదరాబాద్ గచ్చిబౌలి చూడండి. 2002 జాతీయ క్రీడల కోసం అక్కడ పెద్ద స్టేడియం కట్టారు, మరుసటేడు ఆఫ్రో-ఏషియన్ క్రీడలు కూడా జరిగాయి. ఆ ప్రాంగణంలోని పద్నాలుగంతస్తుల టవర్‌ను 2020లో కోవిడ్ కోసం టిమ్స్ ఆసుపత్రిగా మార్చారు. అదే గచ్చిబౌలిలో ప్రభుత్వం ఇచ్చిన స్థలంలో, దాతల సాయంతో పుల్లెల గోపీచంద్ అకాడమీ కట్టుకున్నారు. 2016 ఒలింపిక్స్‌లో సింధు రజతం గెలిచింది అక్కడ తయారయ్యే. తెల్లారకముందే తలుపు తీసి పిల్లల కోసం నిలబడే మనిషి ఉండటమే పెద్ద తేడా అని నా నమ్మకం.

అందుకే ఆ అర్జీలో ఒక వాక్యం మీ చేత్తో కలపండి: "నిర్వహణకు మున్సిపల్ బడ్జెట్లో ఏటా ప్రత్యేక పద్దు ఉండాలి." కరెంటు, వాచ్‌మన్, స్వీపర్, కోచ్ జీతం, రిపేర్లు అన్నీ అందులోకి రావాలి. స్కూలు పిల్లలకు ఉదయం, సాయంత్రం ఉచితంగా తెరవాలని రాయండి. ఆడపిల్లలకు శుభ్రమైన బాత్రూము, గేటు దాకా వీధిదీపాలు అడగండి, అవి లేకపోతే చీకటి పడ్డాక ఏ తల్లీ పంపదు. ఈతకొలను మాత్రం మొదటే వద్దు. ఫిల్టర్లు, క్లోరిన్, లైఫ్‌గార్డు... ఖర్చు ఆగదు. హాలు రెండేళ్లు సవ్యంగా నడిచాక అడగండి. స్థలం చెరువు పూడ్చింది కాకుండా చూడండి, వాననీళ్లు పోయే కాలువ కూడా ప్లానులోనే ఉండాలనండి. ఆ మాట ఉంటే మామగారూ సంతకం పెడతారేమో.

హాలు వచ్చేదాకా అమ్మాయి ఆట మాన్పించకండి. పొద్దున్నే గాలి లేవకముందు స్కూలు ఆవరణలో నెట్ కట్టి ఆడించండి.