గర్భసంచి క్యాన్సర్: మళ్లీ వస్తుందో రాదో ముందే తెలుస్తుందా?

ప్రశ్న: అమ్మకు 58 ఏళ్లు. ముట్లు ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపిస్తే నల్లగొండలో బయాప్సీ చేసి, తర్వాత గర్భసంచి తీసేశారు. ఎండోమెట్రాయిడ్ రకం, గ్రేడ్ 2, కండరంలోకి సగం లోపే పాకిందని రిపోర్టు. జన్యు పరీక్ష చేయిస్తే మళ్లీ వచ్చేదీ రానిదీ తెలుస్తుందని చుట్టాలు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: వస్తుందనో రాదనో ఖాయంగా ఏ పరీక్షా చెప్పలేదు. ముప్పు ఎంతన్నది మాత్రం చాలావరకు తెలుస్తుంది. చాలా జన్యువుల ఆర్‌ఎన్‌ఏ (జన్యువు ఎంత చురుగ్గా పనిచేస్తోందో చూపే పదార్థం) కొలిచి స్కోరు ఇచ్చే పరీక్షలు రొమ్ము క్యాన్సర్‌లో వాడుతున్నారు గానీ, గర్భసంచి క్యాన్సర్‌లో అవింకా పరిశోధనలోనే ఉన్నాయి. వాటికి డబ్బు పెట్టకండి. చికిత్సను మార్చేది 2013లో టీసీజీఏ (అమెరికా క్యాన్సర్ జన్యు ప్రాజెక్టు) పరిశోధన తేల్చిన నాలుగు రకాల విభజన: పోల్ జన్యువులో మార్పు ఉన్నవి, ఎంఎంఆర్ లోపం ఉన్నవి, పి53 అసాధారణమైనవి, ఇవేవీ లేనివి. 2023లో దీన్ని ఫిగో (అంతర్జాతీయ స్త్రీవైద్య సమాఖ్య) స్టేజింగ్‌లో కూడా చేర్చారు.

ఇందుకు మళ్లీ కోత అక్కర్లేదు. తీసిన ముక్క మైనం దిమ్మలో ల్యాబ్‌లోనే ఉంటుంది, ఆ దిమ్మ (బ్లాక్) కావాలని అడగండి. దాని మీద పి53 స్టెయినింగ్ (ప్రొటీన్ ఎలా ఉందో రంగు వేసి చూడటం), డీఎన్‌ఏలో తప్పులు సరిదిద్దే నాలుగు ఎంఎంఆర్ ప్రొటీన్ల స్టెయినింగ్, పోల్ జన్యువు సీక్వెన్సింగ్ (అక్షరక్రమం చదవడం) చేయించాలి. పోల్‌లో హానికర మార్పు ఉంటే తొలి దశలో క్యాన్సర్ తిరగబెట్టడం చాలా అరుదు, రేడియేషన్ తప్పే అవకాశం ఉంది. పి53 అసాధారణమైతే, కండరంలోకి కొద్దిగా పాకినా స్టేజి పెరుగుతుంది, కీమో గురించీ ఆలోచిస్తారు. రెండూ ఉంటే పోల్ మాటే చెల్లుతుంది. పి53 రంగు అసలే పట్టకపోవడం కూడా అసాధారణమే. ‘నెగెటివ్’ అని రాస్తే మంచిదనుకోకండి.

ఎంఎంఆర్‌లో ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 కనిపించకపోతే ముందు మిథైలేషన్ పరీక్ష (ఎంఎల్‌హెచ్1 జన్యువు వంశపారంపర్యంగా కాకుండా రసాయన మార్పుతో ఆగిపోయిందా అని చూసేది) చేస్తారు. మిథైలేషన్ లేదని తేలినా, ఎంఎస్‌హెచ్2 లేదా ఎంఎస్‌హెచ్6 లేకపోయినా లించ్ సిండ్రోమ్ (వంశపారంపర్యంగా క్యాన్సర్ ముప్పు పెంచే జన్యు లోపం) అనుమానించి అమ్మ రక్తం పరీక్షించాలి. అదే అయితే మీకూ, మీ తోబుట్టువులకూ పరీక్ష అవసరం, ఎందుకంటే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు ఉంటుంది.

ఎక్కువగా తప్పు జరిగేది ఫార్మలిన్ (తీసిన ముక్క కుళ్లకుండా ఉంచే ద్రావణం) దగ్గర. గర్భసంచిని కోసి తెరవకుండా అలాగే డబ్బాలో వేస్తే ద్రావణం లోపలి పొరదాకా చేరదు, కణాలు కుళ్లిపోతాయి. మా ఎండలకు ఇంకా త్వరగా. ముక్కకు పదింతల 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్ పోసి, 6 నుంచి 72 గంటలు ఉంచాలి. చెడిన ముక్కకు రంగు పట్టకపోతే ప్రొటీన్ లేదని పొరబడతారు. అందుకే పక్కనున్న మామూలు కణాలకు రంగు పట్టిందా అని డాక్టర్‌ను అడగండి. బయాప్సీ ముక్కలు చిన్నవి, బాగా నిలుస్తాయి. హైదరాబాద్ వెళ్తే ఆ బ్లాక్ కూడా తీసుకెళ్లండి.

ప్రశ్న: గర్భసంచి క్యాన్సర్ తిరగబెడుతుందో లేదో చెప్పే మా జన్యు మోడల్ వందమంది డేటాతో 90 శాతం కచ్చితత్వం చూపింది, వేరే ఆసుపత్రి నమూనాల మీద విఫలమైంది. కారణం?
– ఒక పీజీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: ఇరవై వేల జన్యువుల్లోంచి వందమందికి సరిపోయే కొన్నింటిని ఏరడం తేలిక. మీరు డేటాను శిక్షణకూ పరీక్షకూ విడదీయకముందే జన్యువులను ఏరి ఉంటారు. క్రాస్ వాలిడేషన్‌లో (డేటాను భాగాలు చేసి ఒక్కోదాన్ని వంతులవారీగా పరీక్షకు వాడటం) ప్రతి మడతలోనూ, అంటే ప్రతి వంతులోనూ, శిక్షణ భాగంలోనే ఏరాలి. పైగా తొలి దశలో తిరగబెట్టేవారు తక్కువ, ‘ఎవరికీ రాదు’ అనే మోడల్‌కూ కచ్చితత్వం ఎక్కువే వస్తుంది. కాబట్టి సి-ఇండెక్స్ (ముప్పు ఎక్కువున్నవారిని, తక్కువున్నవారిని సరైన వరుసలో పెట్టిందా), కాలిబ్రేషన్ (చెప్పిన ముప్పు నిజంగా జరిగినదానికి సరిపోయిందా) చూడండి. గడ్డకట్టించిన నమూనాల ఆర్‌ఎన్‌ఏ, మైనం దిమ్మల ఆర్‌ఎన్‌ఏ ఒకటి కావు. మైనం దిమ్మల్లో అది తునకలైపోతుంది. స్టేజి, గ్రేడ్, పి53 ఇచ్చే సమాచారానికి మీ జన్యువులు అదనంగా ఏం కలిపాయో కూడా లెక్కించండి. చాలా స్కోర్లు పి53నే మళ్లీ కనుక్కుంటాయి.