ఒక్క వేగం దగ్గరే బ్లోయర్ ఎందుకు అదురుతోంది?

ప్రశ్న: పలాసలో మాకు జీడిపప్పు యూనిట్ ఉంది. మోటారుకు నేరుగా బిగించిన బ్లోయర్‌కి వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) పెట్టించాక, 1080 ఆర్‌పీఎం దగ్గర స్టాండు విపరీతంగా అదురుతోంది. వేగం పెంచినా తగ్గించినా బాగానే ఉంటోంది. బ్యాలెన్సింగ్ చేయించాం. ఇప్పుడు బేరింగులు మార్చమంటున్నారు. మార్చాలా?

జవాబు: తొందరపడకండి. బేరింగు పాడైతే అదురు ఒక్క వేగం దగ్గరే ఆగదు. 1080 ఆర్‌పీఎం అంటే సెకనుకు 18 చుట్లు, అంటే 18 హెర్ట్జ్. మీ స్టాండు సహజ ఫ్రీక్వెన్సీ (తట్టి వదిలితే అది సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ సంఖ్య) కూడా అక్కడే ఉందని, రెండూ కలిసి అదురు పెరుగుతోందని నా అనుమానం. మిషన్ ఆపి, ఇంపాక్ట్ హామర్ పరీక్ష చేయించండి. ఎంత బలంతో కొట్టారో సుత్తిలోని సెన్సర్, స్టాండు ఎంత స్పందించిందో యాక్సిలరోమీటర్ చెబుతాయి. ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరా ఆ స్పందనను బలంతో భాగిస్తే వచ్చేదే ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్. 18 హెర్ట్జ్ దగ్గర శిఖరం కనిపించి, ఫేజ్ (దెబ్బకూ ఊపుకూ మధ్య ముందువెనకల తేడా) కూడా అక్కడే తిరగబడితే అనుమానం నిజమే.

ఒక్క దెబ్బతో సరిపెట్టనివ్వకండి. మెత్తటి రబ్బరు కొనతో అయిదారుసార్లు కొట్టి సగటు తీయాలి. సుత్తి రెండుసార్లు తగిలితే ఆ రీడింగ్ పారేయాలి. కోహెరెన్స్ గ్రాఫ్ తప్పక అడగండి; స్పందన ఎంతవరకు సుత్తి దెబ్బవల్లే వచ్చిందో అది 0 నుంచి 1 వరకు చూపిస్తుంది. శిఖరం దగ్గర అది 1కి చేరువగా లేకపోతే ఆ కొలతను నమ్మొద్దు. పక్క మిషన్లు ఆగి ఉన్న రోజే మంచిది.

ఈలోగా డ్రైవ్‌లో స్కిప్ ఫ్రీక్వెన్సీ (ఆ వేగం దగ్గర నిలవకుండా దాటించే సెట్టింగు) పెట్టించండి. తర్వాత కాళ్లకు ఏటవాలు బ్రేసింగ్. ఇక్కడ జాగ్రత్తండీ: సహజ ఫ్రీక్వెన్సీ గట్టిదనపు వర్గమూలం లెక్కన పెరుగుతుంది కాబట్టి, గట్టిదనం రెట్టింపైతే అది సుమారు 25 హెర్ట్జ్‌కి చేరుతుంది. మోటారు పూర్తి వేగం 1440 అయితే అది 24 హెర్ట్జ్, అంటే మళ్లీ అదే చిక్కు. గట్టిదనం మూడు రెట్లయ్యేలా వేయించి, మళ్లీ కొలిపించండి.