పెట్టుబడి బావగారిది, చాకిరీ మీది అయినప్పుడు

డబ్బు పెట్టిన బావగారు నెలనెలా లాభం పంచుకుందామంటున్నారు, టిఫిన్ సెంటర్ నడిపే మీరేమో ఆ డబ్బుతో రెండో బ్రాంచ్ పెడదామంటున్నారు. ఇందులో ఎవరిదీ తప్పు లేదండీ. నోటిమాట మీద మొదలుపెట్టారు చూడండి, చిక్కంతా అక్కడే. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం, ఒప్పందంలో లేకపోతే పనిచేసే భాగస్వామికి జీతం రాదు, లాభనష్టాలు సమానం. తెల్లవారుజామున లేచి పిండి రుబ్బించేది మీరే అయినా సరే! ఆయన వాటాకి మించి సర్దిన డబ్బుకి మాత్రం ఏడాదికి 6 శాతం వడ్డీ అడగొచ్చు. అందుకే ముందు మీ జీతం, లాభంలో పంచుకునేదెంత, దుకాణంలో ఉంచేదెంత అన్నది తేల్చుకుని స్టాంపు పేపరు మీద డీడ్ రాయించుకోండి. బ్రాంచ్ మాట ఆ తర్వాతే ఎత్తండి. అక్కయ్యగారిని మాత్రం మధ్యలోకి లాగకండి.