పాత పోస్ట్‌కార్డుల్లో కనిపించే అమెరికా డౌన్‌టౌన్ వీధులు నిజంగా అంత అందంగా ఉండేవా?

వీధి నిజమే, ఆకాశం మాత్రం అబద్ధం. ఇరవయ్యేళ్ళుగా డెట్రాయిట్ శివార్లలో ఉంటున్నాను, అందులో పన్నెండేళ్ళుగా ఆ ఊరి పాత కార్డులు ఏరుకుంటున్నాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఈ సంగతి నాకు పట్టిచ్చింది మా అమ్మ. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఆరేళ్ళ కిందట తెనాలి నుంచి వచ్చింది. చలికాలం, గడప దాటే వీల్లేదు. పొద్దుపోక నా కార్డుల డబ్బా ముందేసుకుని కూర్చునేది. ఒకరోజు మధ్యాహ్నం రెండు కార్డులు పక్కపక్కన పెట్టి నన్ను కేకేసింది. రెండూ వుడ్‌వర్డ్ అవెన్యూలో క్యాంపస్ మార్షియస్ కూడలివే, ఒకటి పగలు, ఒకటి రాత్రి. ఆ రాత్రి కార్డంటే నాకు ప్రాణం. ముదురు నీలపు ఆకాశం, మబ్బు అంచున నిండు చంద్రుడు, పద్నాలుగంతస్తుల మెజెస్టిక్ బిల్డింగ్‌లో కిటికీ కిటికీకీ పసుప్పచ్చని వెలుగు.

“ఒరే, ఈవిడెవర్రా రాత్రిపూట గొడుగేసుకుని?” అంది.

భూతద్దం పెట్టి చూశాను. ట్రామ్ పక్కన బియ్యపు గింజంత మనిషి, తెల్ల గొడుగు. నేల పొడిగా ఉంది, వాన జాడే లేదు. పగటి కార్డు తీశాను. అదే మనిషి, అదే చోటు, అదే గొడుగు. అక్కడైతే ఎండకి వేసుకుంది, సరిపోయింది. ట్రామ్ కూడా వెంట్రుకవాసి కదల్లేదు. గుర్రబ్బండికి కట్టిన గుర్రం ముందరి కాలు రెండింట్లోనూ ఒకేలా పైకి లేచి ఉంది. ఉన్నది ఒక్కటే ఫోటో! దాని మీదే నీలం పులిమి, చంద్రుణ్ణి అంటించి, కిటికీలకి పసుపు అద్దారు. అప్పటి కెమెరాలతో రాత్రిపూట రద్దీ వీధిని తీస్తే కదిలేవన్నీ చెరిగిపోతాయి, అందుకని పగటినే రాత్రి చేసేవాళ్ళు. ఆరేళ్ళు ఆ కార్డు నా చేతుల్లో ఉంది, నేను చంద్రుణ్ణి చూస్తూ కూర్చున్నాను.

అమ్మకేం ఆశ్చర్యం కలగలేదు. “మన స్టూడియోవాడు మాత్రం? నా పెళ్ళి ఫోటోకి రంగులేస్తూ వంకాయరంగు చీరని ఆకుపచ్చ చేశాడు” అంది.

అక్కడ జరిగిందీ అదే. 1914లో యుద్ధం వచ్చేదాకా అమెరికా కార్డులు చాలానే జర్మనీలో అచ్చయ్యేవి. ఇక్కణ్ణుంచి నలుపు తెలుపు ఫోటో వెళ్ళేది, దాంతోపాటు ఏది ఏ రంగో రాసిన చీటీ వెళ్తే వెళ్ళేది. రంగులు వేసేవాడు ఆ వీధి మొహం చూసి ఉండడు. ఒకే భవనం నా దగ్గరున్న ఒక కార్డులో ఎర్ర ఇటుక, ఇంకోదాంట్లో తెల్లరాయి. కరెంటు తీగలు చెరిపేసేవాళ్ళు, బురద కప్పేసేవాళ్ళు. కొన్నాళ్ళు పోయాక పాత ఫోటో మీదే నాలుగు మోటారు కార్లు గీసి కొత్త కార్డని అమ్మేవాళ్ళు. అందుకే తపాలా ముద్ర మీదున్న ఏడాదిని ఫోటో తీసిన ఏడాది అనుకోకండి.

నమ్మకం కలగకపోతే డెట్రాయిట్ పబ్లిషింగ్ కంపెనీ ఫోటోలు చూడండి. కార్డుల వ్యాపారంలో పేరుమోసిన కంపెనీ అది. వాళ్ళ గాజు నెగటివ్‌లు వేలకొద్దీ ఇప్పుడు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ఆ ఫోటోలు ఆన్‌లైన్‌లో ఊరికే చూడొచ్చు. పెద్దవి చేసుకుని చూస్తే నెత్తి మీద సాలెగూడులా ట్రామ్ తీగలు, రోడ్డు మీద గుర్రపు లద్దె కనిపిస్తాయి. నా మటుకు నాకు ఆ వీధే అందంగా ఉంటుంది. వాట్సాప్‌లో తిరుగుతున్నాయే, ఏఐతో రంగులేసి “వందేళ్ళ కిందటి అసలు అమెరికా” అంటూ, అవి చూస్తే ఒళ్ళు మండుతుంది. మళ్ళీ అదే పని, ఈసారి చీటీ కూడా లేదు.

కొనాలనుకుంటే మాత్రం రాసి పోస్టు చేసిన కార్డులే కొనండి. 1907 మార్చి 1 దాకా అమెరికాలో కార్డు వెనకవైపు చిరునామా తప్ప ఇంకేమీ రాయకూడదు. చెప్పుకునే మాటంతా బొమ్మవైపే ఇరికించాలి. నా దగ్గరున్న ఒక కార్డులో ఎవరో అమ్మాయి చోటు చాలక ఆ నీలాకాశం మీదే అక్కకి రాసుకుంది: చలి మొదలైంది, నా కోటు పంపించు, జేబులో ఉన్నవి తియ్యకు. సిరా గీతలు పడ్డాయని అమ్మినాయన రెండు డాలర్లకే ఇచ్చేశాడు! ఒక్క సెంటు తపాలా బిళ్ళతో ఇలాంటి మాటలు ఊళ్ళు దాటేవి. 1908 జూన్‌తో ముగిసిన ఒక్క ఏడాదిలో 67 కోట్లకు పైగా కార్డులు పోస్టయ్యాయి, అప్పటి దేశ జనాభా 9 కోట్లు కూడా లేదు. అలాంటి కార్డు మీద బిళ్ళ కోసం మూల చింపేసి తపాలా ముద్ర పాడుచేసేవాళ్ళని, వెనకాల బాల్ పెన్నుతో ధర రాసే దుకాణాలవాళ్ళని నేను క్షమించలేను.

ఇంకొకటి. మనవాళ్ళు చుట్టాలు రాగానే నయాగరాకి గంటల తరబడి కారు నడుపుతారు, అరగంట దూరంలో ఉన్న డౌన్‌టౌన్ మాత్రం చూపించరు. నేనూ అంతకుముందు చూపించలేదు. ఆ ఏప్రిల్‌లో అమ్మని క్యాంపస్ మార్షియస్‌కి తీసుకెళ్ళాను. పగటి కార్డు చేత్తో పట్టుకుని గొడుగావిడ నిలబడ్డ చోటు చూపించమంది. పాత సిటీ హాల్‌ని 1961లో, మెజెస్టిక్‌ని 1962లో పడగొట్టేశారు. ఆనాటి ట్రామ్ పట్టాలు లేవు. ఏ ఆనవాలు పట్టుకుని చూపించను? ఉన్నదల్లా 1872 నాటి సైనికుల స్మారక స్తంభం, దాన్ని కూడా పార్కు కట్టేటప్పుడు కాస్త పక్కకి జరిపారు. అమ్మ దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. తలెత్తి పైన కత్తీ డాలూ పట్టుకున్న ఆడమనిషి బొమ్మని చూసింది, కార్డు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూసింది.

“ఈవిడ ఉందిలే” అంది.