మూతపడిన ఫ్యాక్టరీ స్థలంలో ఇళ్లు, దుకాణాలు కట్టుకోవచ్చా?

కట్టుకోవచ్చు, కానీ అక్కడి మట్టినీ భూగర్భ జలాన్నీ పరీక్షించి, కాలుష్యం ఉంటే తొలగించి, భూ వినియోగ మార్పిడికి అనుమతి తెచ్చుకున్నాకే.

యంత్రాలు తరలిపోయినా ద్రావకాలు, నూనెలు, భార లోహాలు నేలలో మిగిలిపోవచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో చాలాచోట్ల అడుగున గ్రానైట్ రాయి ఉంటుంది. నీరు దాని పగుళ్ల వెంట కదులుతుంది కాబట్టి, ఆవరణలో ఇంకిన రసాయనం ప్రహరీ దాటి పక్కవాళ్ల బోరులో తేలవచ్చు. అందుకే ఎక్కడో ఒక గుంత తీసి చూస్తే సరిపోదు. పాత ట్యాంకులు, వ్యర్థాల గుంతలు ఉన్న చోట్లను వెతికి అక్కడ నమూనాలు తీయాలి. ఖర్చవుతుంది, అయినా ఇది తప్పించుకోకూడని ఖర్చు.

లండన్‌లోని స్ట్రాట్‌ఫర్డ్‌లో పాత పారిశ్రామిక భూమిని 2012 ఒలింపిక్స్ కోసం ఇలాగే బాగుచేశారు. కలుషితమైన మట్టిని అక్కడే కడిగి, చాలావరకు తిరిగి వాడారు. క్రీడాకారుల వసతి భవనాలు తర్వాత ఇళ్లయ్యాయి. చుట్టూ పార్కు, బడి, దుకాణాలు వచ్చాయి.

పైన మొరం పోసి చదును చేస్తే చాలనుకోవడం పొరపాటు. మొరం కాలుష్యాన్ని కప్పుతుందే తప్ప తీసేయదు. వాన నీరు అందులోంచి దిగుతూనే ఉంటుంది. నీటిలో ఫ్లోరైడ్ తక్కువగా ఉందన్న నివేదికా ఇక్కడ భరోసా కాదు. మన దగ్గర ఫ్లోరైడ్ ప్రధానంగా రాతి నుంచి వచ్చేది, ఫ్యాక్టరీ రసాయనాలకు వేరే పరీక్షలు చేయించాలి.