మా కుక్కని మీ షెల్టర్‌లో పెట్టుకుంటారా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బెజవాడలో కాలనీవాళ్లం కొంతమందిమి కలిసి నడుపుకుంటున్న చిన్న షెల్టర్ మాది. అక్కడికి వచ్చే ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీల్లోంచి ఈ నెల కొన్నిటికి జవాబులు. అందరూ అడిగేదాంతోనే మొదలుపెడతా.

ప్రశ్న: మేడమ్, మావారికి బెంగుళూరు ట్రాన్స్‌ఫర్ అయింది. మాకు అయిదేళ్ల లాబ్రడార్ ఉంది. అక్కడ ఫ్లాట్‌లో కుక్కల్ని ఒప్పుకోరంటున్నారు. మీ షెల్టర్‌లో పెట్టుకుంటారా? నెలనెలా డబ్బు పంపిస్తాం. – ఒక పాఠకురాలు, పటమట

జవాబు: డబ్బు పంపిస్తానన్నారు, సంతోషం అండీ, చాలామంది ఆ మాట కూడా అనరు, రాత్రిపూట గేటుకి కట్టేసి వెళ్లిపోతారు. అయినా పెట్టుకోలేం, ఎందుకో చెప్తాను వినండి. మా దగ్గర ఉన్నవి ఎక్కువగా బండి గుద్దినవి, చర్మరోగంతో బొచ్చంతా ఊడినవి, కళ్లు కనపడని ముసలివి. వాటి మధ్యకి అయిదేళ్లు ఏసీ గదిలో మీ మంచం పక్కన పడుకున్న కుక్కని తెచ్చి వదిలితే మొదట జరిగేది అది తిండి మానేయడం. గేటు చప్పుడైనప్పుడల్లా లేచి చూస్తుంది. మేం ఎంత బతిమాలినా తినదు, వాళ్లింట్లో ఎవరో ఒకళ్లు వస్తేగానీ. నీరసపడ్డ కుక్కకి షెల్టర్‌లో ఏ జబ్బయినా ఇట్టే అంటుకుంటుంది, అన్ని కుక్కలు ఒకచోట ఉన్నప్పుడు దగ్గు, విరేచనాలు ఒకదాన్నించి ఇంకోదానికి పాకకుండా ఆపడం మాకే చాలా కష్టంగా ఉంటోంది.

అందుకని ముందు తీసుకెళ్లే దారి చూడండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్ పెట్టి మెజారిటీతో తీర్మానం చేసినా సరే కుక్కల్ని పెంచుకోవద్దని నిషేధం పెట్టకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది, ఆ కాగితం ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి. ఇంటి ఓనరు సంగతి వేరు, ఒప్పుకునే ఓనరు దొరికేదాకా వెతకాల్సిందే, ఇంకో నెల పట్టినా పర్లేదు. రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపేగానీ నాలుగు బెర్తుల క్యాబిన్‌గానీ మొత్తం మీ కుటుంబానికే ఉంటే కుక్కని మీతోపాటు తీసుకెళ్లొచ్చు. లేదంటే గార్డు బోగీలో బాక్స్ ఉంటుంది, పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాలి, కానీ ఎండాకాలం అందులో మాత్రం పంపొద్దు. ఇంజెక్షన్ల కార్డు, డాక్టరు ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ దగ్గర ఉంచుకోండి.

ఎంత చూసినా కుదరకపోతే మీరే మంచి ఇల్లు వెతకండి, బంధువుల్లోనో, దాన్ని ఎప్పుడూ చూసే డాక్టరు ద్వారానో. ఇచ్చేముందు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించండి, లేకపోతే లాబ్రడార్ కదా అని పిల్లల్ని అమ్ముకునేవాళ్ల చేతిలో పడుతుంది. వాళ్లింటికి ఒకటికి రెండుసార్లు వెళ్లి చూడండి. పెంచిన కుక్కని వదిలేయడం నేరమని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11లో ఉంది గానీ మొదటిసారికి జరిమానా 50 రూపాయలు దాటదు, అది ఎవర్ని ఆపుతుంది చెప్పండి? ఆ చట్టం మారి తీరాలి.

ప్రశ్న: మా గేటు పక్కన వీధి కుక్క అయిదు పిల్లల్ని పెట్టింది. పక్కింటివాళ్లు గొడవ చేస్తున్నారు. పిల్లల్ని మీ దగ్గరికి తెచ్చి ఇవ్వమంటారా? – బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తేవద్దండీ, దయచేసి. టీకాలు వేయని పిల్లలు షెల్టర్‌కి వస్తే పార్వో అనే వైరస్ జబ్బు పట్టుకుంటుంది, వాంతులు, రక్త విరేచనాలతో రెండు మూడు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది, ఆ వైరస్ నేలలో నెలల తరబడి ఉంటుంది, మామూలు ఫినాయిల్‌కి పోదు, బ్లీచింగ్‌తో కడగాలి. పిల్లలు కనీసం ఎనిమిది వారాలు తల్లి దగ్గరే ఉండాలి. మీరు చేయాల్సింది తల్లికి కడుపునిండా పెట్టడం, అది తింటే పిల్లలకి పాలుంటాయి. అన్నంలో కోడిగుడ్డో, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన చికెనో కలపండి. పిల్లలకి గేదెపాలు పోయొద్దు, విరేచనాలు అవుతాయి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి ఇంజెక్షన్, మూడో నెలలో రేబిస్ టీకా, మధ్యలో నులిపురుగుల మందు, ఇవి డాక్టరు చెప్పినట్టు.

పిల్లలు పాలు మానేశాక తల్లికి ఆపరేషన్ చేయించండి, అసలు పని అదే, లేకపోతే కొన్ని నెలలకే మళ్లీ పిల్లల్ని పెడుతుంది, మళ్లీ అదే గొడవ. 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) రూల్స్ ప్రకారం పట్టుకున్న కుక్కకి ఆపరేషన్, రేబిస్ టీకా చేసి ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదలాలి, కార్పొరేషన్‌కి రాతపూర్వకంగా అర్జీ పెట్టండి. పక్కింటివాళ్లకి కూడా ఒక మాట చెప్పండి, ఉన్న కుక్కని తరిమేస్తే చెత్తకుండీ ఉన్నంతకాలం ఇంకో వీధినించి కొత్తది వచ్చి చేరుతుంది, దానికి టీకా పడిందో లేదో ఎవరికి తెలుసు?

ప్రశ్న: మాది సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చాయి. మళ్లీ వర్షాలంటే మా కుక్క గురించే భయం. – ఒక పాఠకుడు

జవాబు: వాన పట్టిందంటే గొలుసు తీసేయండి, అంతకన్నా పెద్ద జాగ్రత్త లేదు. నీళ్లు పెరుగుతుంటే కట్టేసిన కుక్కకి ఈదే అవకాశం కూడా ఉండదు, మీరు పడవెక్కే హడావిడిలో ముడి విప్పడానికి టైం ఉండదు. మెడపట్టీ మీద ఫోన్ నంబరు చెరగని ఇంకుతో రాసి ఉంచండి. నాలుగు రోజులకి సరిపడా తిండి, మందులు, టీకాల కార్డు ఫొటో సిద్ధంగా ఉండాలి. ఇంకోటి, వరద నీళ్లలో ఎలకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, కుక్కలకే కాదు మనకీ, కిడ్నీలు, లివర్ దెబ్బతింటాయి. కుక్కలకి దీనికి టీకా ఉంది, వర్షాకాలానికి ముందే వేయించండి.

ప్రశ్న: హస్కీ కొందామనుకుంటున్నాం, ఏసీ ఉంది, పర్లేదా?

జవాబు: వద్దండీ. మంచులో బండి లాగడానికి పెంచిన జాతి అది, రోహిణి కార్తెలో బెజవాడ ఎండకి మనమే తట్టుకోలేం. కరెంటు పోయిన మధ్యాహ్నం దాని గతేంటి? మా దగ్గర దేశీ పిల్లలున్నాయి, వచ్చి చూడండి.

ప్రశ్న: మా పెంపుడు కుక్కే ఆడుతూ బాబుని గీరింది, కొంచెం రక్తం వచ్చింది. దానికి టీకాలు వేయించాం. అత్తగారు కారం అద్దారు. ఇంకా ఏమైనా చేయాలా? – లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: చేయాలమ్మా, ఈరోజే. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి ఏదీ పెట్టకూడదు. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, ఆలస్యమైనా సరే ఇప్పుడు కడిగి వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, రేబిస్ టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. రక్తం వచ్చింది కాబట్టి గాయం దగ్గర వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ కావాలా అని కూడా అడగండి, కుక్క టీకాల కార్డు చూపించండి. చర్మంలోకి వేసే పద్ధతిలో అయితే మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకి డోసులు, డాక్టరు వేయించమని చెప్తే ఒక్కటీ మానొద్దు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కి మందు లేదు. అత్తయ్యగారిని ఏమీ అనకండి, ఆవిడ భయంతో చేశారు, ఇది మాత్రం చదివి వినిపించండి.

ప్రశ్న: పిల్లికి జ్వరంగా ఉంది, పారాసిటమాల్ సగం వేయొచ్చా?

జవాబు: చిన్న ముక్క కూడా వేయొద్దు, పిల్లులకి అది విషం. గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికో దగ్గర్లోని పశువుల ఆసుపత్రికో తీసుకెళ్లండి.

ప్రశ్న: అక్కా, నేను ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. షెల్టర్‌కి సాయం చేయాలనుంది, డబ్బుల్లేవు. పుట్టినరోజుకి బిస్కెట్లు తేనా?

జవాబు: బిస్కెట్లు వద్దు తమ్ముడూ, తీపి, మైదా వాటి ఒంటికి మంచిది కాదు. పాత దుప్పట్లు, న్యూస్‌పేపర్లు తీసుకురా, ఎన్నున్నా చాలవు. అంతకన్నా మాకు కావాల్సింది మనుషులు. ఆపరేషన్ అయిన కుక్కకి కుట్లు ఆరేదాకా ఒక పది రోజులు గదిలో ఉంచుకునే ఇల్లు దొరికితే ఆ పది రోజులు ఇక్కడ ఇంకో కుక్కకి చోటు ఖాళీ అవుతుంది. మీ హాస్టల్లో కుదరదు, ఇంటికెళ్లినప్పుడు అమ్మనీ నాన్ననీ అడుగు, ఒప్పుకుంటే ముగ్గురూ ఆదివారం పొద్దున్నే రండి, ఎండెక్కకముందు అయితే కుక్కలు కూడా హుషారుగా ఉంటాయి.